పూలనూనెలు, మలాములు: వ్రాతకెక్కని గృహవిద్య

మన తెలుగున ‘నూనె’ యను మాటను విప్పిచూచినచో అందు రెండు మాటలు గలవు. ‘నూ’ యనగా నువ్వు. ‘నె’ యనగా నెయ్యి. నువ్వుల నెయ్యియే నూనె. సంస్కృతమున ‘తిల’ శబ్దమునుండి ‘తైలము’ పుట్టినది. తమిళుల ‘ఎణ్ణెయ్’ యందును ‘ఎళ్’ అను నువ్వే దాగియున్నది. మూడు భాషలవారును ఒకరితోనొకరు చెప్పుకొని చేసినట్లు ఒక్క గింజపేరనే సమస్తమైన నూనెలకును పేరు పెట్టిరి. ఈ లెక్కను మనము ‘నువ్వుల నూనె’ యనినప్పుడు నువ్వును రెండుమార్లు చెప్పుచున్నాము. ‘కొబ్బరినూనె’ యనినప్పుడు చెప్పుచున్నదేమో చదువరులే యోచింపవచ్చును.

ఇది వట్టి మాటల ముచ్చట గాదు. పూవులను, ఆకులను నూనెలో నిలువజేయదలచినవానికి మొదట కావలసినది త్వరగా చెడని నూనె. నువ్వులనూనెయందు సెసమాల్ మున్నగు పదార్థములు స్వభావముగనే యుండుటచేత అది తక్కిన పెక్కునూనెలకంటె ఆలస్యముగా ముక్కిపోవునని నేటి రసాయనశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. మన పెద్దలకు ఆ పేరు తెలియదు. ఆ గుణము తెలిసినది. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్య చెప్పుచు అభ్యంగమును నిత్యము చేయుమనియు, తలకును, చెవులకును, అరికాళ్లకును విశేషముగా చేయుమనియు విధించినాడు. ఆ నిత్యవిధి మన యిండ్లలో కాలక్రమమున వారమున కొక్కమాఱు తలంటుగా మాఱి, తుదకు ఉగాదికిని, నరకచతుర్దశికిని, భోగికిని మాత్రము మిగిలినది.

నూనెలో పూవును వేయు విద్య ఒక్కటి గాదు, రెండు. ఒకటి పూవు వాసనను పట్టుట. రెండవది పూవుయొక్క, ఆకుయొక్క ఔషధగుణమును పట్టుట. మొదటిదానికి నిప్పు శత్రువు, రెండవదానికి నిప్పు మిత్రము. ఈ భేదము నెఱుగక సంపెంగలను కాగుచున్న నూనెలో పోసి, వాసన రాలేదని విచారించువారిని నేటికిని చూచుచున్నాము. మొదటి విద్య రాజుల గ్రంథములలో నిలిచినది. రెండవది వైద్యుల గ్రంథములలో నిలిచినది. ఈ రెండింటిని నిత్యము చేతులతో చేసిన మన యింటి ఆడువారు మాత్రము ఏ గ్రంథమునందును లేరు. ఈ వ్యాసమునకు కారణ మదియే.

మొదట వాసనల సంగతి. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ‘గంధయుక్తి’ యని యొక యధ్యాయమునే వ్రాసినాడు. అందు సంపెంగవాసనగల తైలమొకటి చెప్పబడినది. వింత యేమనగా, ఆ యోగమున సంపెంగ లేదు! మంజిష్ఠ, వ్యాఘ్రనఖము, లవంగపట్ట, కోష్ఠు మున్నగువాని చూర్ణమును నూనెలో కలిపి ఎండలో కాచినచో సంపెంగవాసన వచ్చునని యాయన మాట. పూవు లేకుండ పూవువాసన కల్పించుట నేటి బజారు సీసాలవారు కనిపెట్టినదని తలచువారు దీనిని గమనింతురు గాక. అయితే ఆయన అగ్నిని జెప్పక ఎండను జెప్పినాడు. సువాసన మెల్లని వేడిమినే సహించునను తెలివి అప్పటికే యుండెను.

నిజమైన పూలతో చేయు పద్ధతి మానసోల్లాసమున గలదు. కల్యాణనగరము రాజధానిగా 1126 మొదలు 1138 వఱకు ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు దీని కర్త. నేటి తెలంగాణమున గొంతభాగముకూడ అప్పుడా రాజ్యములోనిదే. రాజు స్నానభోగమును వర్ణించుచు, మొగలి, పొన్న, సంపెంగ మున్నగు పూలచేత నువ్వులకు వాసన కట్టించి, ఆ నువ్వులను యంత్రమున నాడించి తీసిన నూనెతో తలంటు జరుపవలెనని యాయన చెప్పినాడు. ఇచ్చట నూనెలో పూవు వేయుటలేదు. నూనె పుట్టకముందే, గింజలోనుండగనే, దానికి వాసన కట్టుచున్నారు. కడిగి పొట్టుతీసి ఆరబోసిన నువ్వులు ఒక వరుస, పూలు ఒక వరుసగా పఱచి, రాత్రి యుంచి, ఉదయమున వాడినపూలను ఏఱివేసి మరల క్రొత్తపూలు పఱచుదురు. ఇట్లు కొన్నిదినములు చేయగా నువ్వులోని జిడ్డు వాసనను పీల్చుకొనును. పిమ్మట గానుగ. ఉత్తరదేశమున జౌనుపురము, గాజీపురము ప్రాంతములవారు ‘ఫులేలు’ అను పేర మల్లెనూనెను ఈ రీతినే పందొమ్మిదవ శతాబ్దిలోను చేయుచుండిరి.

దీనిలోని మర్మ మేమనగా, మల్లెజాతి పూవులు కొమ్మనుండి కోసిన పిదపగూడ కొన్నిగంటల వఱకు పరిమళమును క్రొత్తగా పుట్టించుచునే యుండును. వానిని కాచినచో ఆ పూవు తత్క్షణమే చచ్చును. రాబోవు వాసనయంతయు నష్టము. చల్లని జిడ్డుపై నుంచినచో పూవు బ్రదికియుండి తెల్లవాఱువఱకు ఇచ్చుచుండును. ఫ్రాన్సుదేశమున గ్రాసు పట్టణమువారు పందొమ్మిదవ శతాబ్దిలో గాజుపలకలపై క్రొవ్వు పూసి, దానిపై మల్లెలు పఱచి సుగంధము తీసినది ఈ సూత్రముపైననే. గులాబి అట్లు గాదు. దానిని తెల్లవాఱుజామున కోసి వెంటనే బట్టీపట్టవలసినదే. జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో గులాబియత్తరును కనిపెట్టిన ఘనతను నూర్జహాను తల్లియైన అస్మత్ బేగమునకు ఇచ్చినాడు. వేడి పన్నీటిమీద తేలిన నురుగును ఆమె ప్రోగుచేసినదట. ‘గులాబు’ అనగా పారసీకమున పూవు కాదు, పూవుయొక్క నీరు. మనవారు నీటిపేరు పూవునకు బెట్టి, నీటిని పన్నీరనిరి.

ఇంక గానుగ నాడించినవారిని గూర్చి. గోదావరిమండలమందలి టేకి గ్రామమున దొరికిన తామ్రశాసనమొకటి గలదు. మొదటి కులోత్తుంగచోళుని కుమారుడును, వేంగికి రాజప్రతినిధియునగు రాజరాజ చోడగంగ దానిని 1086-87 ప్రాంతమున వేయించెను. తెలికికులమువారికి కొన్ని గౌరవములను ఆ శాసనము స్థిరపఱచినది. పెండ్లిండ్లలో గుఱ్ఱమెక్కి వీధుల నూరేగు హక్కు అందొకటి. బెజవాడ తెలికివేవురు తూర్పుచాళుక్యుల కాలమునుండియు రాచకొలువున పేరుగన్నవారు. తొమ్మిదివందల యేండ్లక్రింద నూనె తీయువారికి రాగిరేకుపై గౌరవము వ్రాసియిచ్చిన దేశమిది. తరువాతి శతాబ్దులలో గానుగవానికి దక్కినది గౌరవము గాదు, పన్ను. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమువఱకు చెన్నరాజధానిలో మగ్గములపైని, గానుగలపైని మొహతర్ఫాపన్ను వసూలైనది. మా వంశమువారి వంటి లెక్కలవారే దానిని చిట్టాల కెక్కించిరి. 1984లో కరణీకములు రద్దైన పిదప అట్టి పాతకవిలెలలో పెక్కు చెదలపాలైనవి.

కొండవీటి ప్రభువైన కుమారగిరిరెడ్డికి కర్పూరవసంతరాయడని బిరుదు. ఆయన వసంతోత్సవములకు సుగంధద్రవ్యముల నందించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈయనకే. ఆ కృత్యాదిని బట్టి సెట్టి సరకులు చూడుడు: పంజారా కర్పూరము, గోవ సంకుమదము, భోటదేశపు కస్తూరి. అన్నియు ఓడలమీదను, ఎడ్లమీదను దూరదేశములనుండి వచ్చినవే. వాని ఖర్చును భరించువారు రాజులు. కొండవీటి క్రింద పల్లెలో కాపురమున్న యిల్లాలికి అందుబాటులోనుండినవి పెరటిలోని జాజితీగెయు, దడికి బ్రాకిన బొడ్డుమల్లెయు, పొలముగట్టున మొలచిన గుంటగలగరాకును. ఆమె చేసినదేమో ఏ కృత్యాదియు చెప్పదు.

ఇక రెండవ విద్య, అగ్నితో చేయునది. దీనికి శార్ఙ్గధరసంహిత ప్రమాణము. లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ గ్రంథముపై నాకు ప్రత్యేకాభిమానము; కొలత లేని మాట ఇందు అరుదు. నూరిన ముద్దను కల్కమందురు. కల్కము ఒకపాలు, నూనె నాలుగుపాళ్లు, రసముగాని కషాయముగాని నీరుగాని పదునాఱుపాళ్లు, ఇది సామాన్యవిధి. కల్కమున వేయునవి పూలైనచో నూనెలో ఎనిమిదవవంతే చాలునని విశేషవిధి. పూవు మెత్తనిది, తేమగలది, త్వరగా మాడునది గావున ఈ తగ్గింపు ఉచితముగనే కనబడుచున్నది. పలము, ప్రస్థము అను మాటలు చూచి బెదరనక్కరలేదు. భారతప్రభుత్వమువారి ఆయుర్వేదయోగసంగ్రహమున పలమును 48 గ్రాములుగను, ప్రస్థమును 768 గ్రాములుగను ఏర్పఱచినారు.

పాకము ముగిసినదని ఎట్లు తెలియవలెను? గడియారము లేని కాలమున పెద్దలు మూడు గుఱుతులు చెప్పిరి. కల్కమును వ్రేళ్లనడుమ నలిపినచో వత్తివలె సాగవలెను. ఆ వత్తిని నిప్పుపై వేసినచో చిటపటలాడరాదు. తైలమైనచో నురుగు పొంగవలెను, నెయ్యియైనచో నురుగు అణగవలెను. ఈ రెండవగుఱుతును గూర్చి నేను చాలకాలము యోచించితిని. చిటపటయనగా నేమి? ముద్దలో మిగిలిన నీరు ఒక్కమాఱుగా ఆవిరియై పగులుట. చప్పుడు లేదనగా నీరు లేదు. నీరు లేనిచో బూజు లేదు, క్రుళ్లు లేదు. ఇంట చేసిన పూలనూనెలలో నూటికి తొంబది చెడిపోవుటకు కారణము ఈ నీరే యని నా యభిప్రాయము. తడిపూలను సీసాలో వేసి నూనె పోసి మూతబిగించిన పదిదినములకు పైన తెల్లని బూజు కట్టుట మనలో చాలమంది చూచినదే. సూక్ష్మదర్శినియు, ఉష్ణమాపకమును లేని కాలమున, చెవితో విని నిర్ణయింపదగిన పరీక్షను కల్పించినవారు సామాన్యులు గారు.

ఈ శార్ఙ్గధరమందే వ్రణములకు చెప్పిన జాత్యాదితైలము గలదు. పేరు జాజిదేగాని అందు వాడునది పూవు గాదు, ఆకు. వేప, పసుపు, మంజిష్ఠ, యష్టిమధుకము, కానుగ మున్నగువానితోపాటు మైనమును అందు చెప్పిరి. మన యాంధ్రవైద్యులు బసవరాజీయముతోపాటు ఈ గ్రంథమునుగూడ చేతిక్రిందనే యుంచుకొనుచుండెడివారు.

మైనము చేరినదా, నూనె మలామగును. ‘మలాము’ తెలుగుమాట గాదు. అరబ్బీ ‘మర్హం’ ఉత్తరదేశపు నోళ్లలో నలిగి మనకు వచ్చినది. యూనానీ హకీములు తమ విద్యకు మూలపురుషులలో నొకనిగా దలచు జాలీనూసు, రోమునగరమున వైద్యముచేసిన గ్రీకుపండితుడు గేలెనే. నూనె, తేనెమైనము, పన్నీరు కలిపి చేయు చల్లని లేపనమును పాశ్చాత్యులు రెండవశతాబ్దివాడైన ఆయన పేరనే చెప్పుకొందురు. ఆయన వాడినది ఓలివు నూనె, మనవారు వాడినది నువ్వులనూనె, తక్కినదంతయు దాదాపొక్కటే. నల్లమల చెంచులు కొండతేనె పిండిన పిదప మిగిలిన మైనమును సంతలకు దెచ్చి యిచ్చుచుండిరి. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి మన్యపుతేనెను, అడవిసరకులను కొన నారంభించెను.

ఇంతవఱకు చెప్పినది గ్రంథములలోనిది. ఇక గ్రంథములలో లేనిది.

మా తాతగారి అక్కగారు 1905లో పుట్టి తొమ్మిదవయేట భర్తను గోల్పోయినది. మేమందఱము పెద్దమామ్మ యనెడివారము. ఆమె పుట్టుటకు ఇరువదినాలుగేండ్ల ముందే, 1881 డిసెంబరు 11న, కందుకూరి వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించియుండిరి. ఆ గాలి మా యూరివఱకు రాలేదు. ఆచారము ఆమెకు పూవును నిషేధించినది, పసుపును నిషేధించినది, జుట్టును నిషేధించినది. అయినను ఊరిలో పెండ్లి కుదిరినదనగా సంపెంగనూనె చేయవలసినది ఆమెయే. పదునేను దినములముందే నువ్వులు కడిగించి, మా దొడ్డిలోని సంపెంగచెట్టుక్రింద తెల్లని పంచె పఱపించి, సాయంకాలము విచ్చుచున్న మొగ్గలనే కోయించి, వరుసలు తానే పేర్చెడిది. ఏడవనాటి నువ్వును నలిపి, వాసన చూచి, ‘ఇంకను రెండు పూటలు’ అనెడిది. ఆ మాట తప్పినట్లు విన్నవారు లేరు. నూనెబుడ్డి పెండ్లివారింటికి బోవును. ఆమె పోదు, ఏలయన శుభకార్యమునకు ఆమె యెదురురారాదు.

నాట్లకాలమున ఆమెకు మఱియొక పని. నెలదినములు బురదలో నిలిచిన కూలిస్త్రీల కాలివ్రేళ్లసందులు పాసి, మడమలు పగిలి నెత్తురు గ్రక్కెడివి. వారికొఱకు జాజాకు, పసుపు వేసి కాచిన నూనెలో మైనము కరగించి, కొబ్బరిచిప్పలలో పోసి ఆరబెట్టి, దొడ్డిగుమ్మమునొద్ద వరుసగా పెట్టించెడిది. వీథిగుమ్మమునొద్ద గాదు. ఎవరు తీసికొనిరో వ్రాసికొనలేదు, కాసు పుచ్చుకొనలేదు. అంటరానితనమును పాటించు యింట పుట్టి అంతకు మించి చేయగలిగినది ఆమెకు లేకపోయెను, చేయగలిగినంత చేసినది.

మా తాతగారు దినమున కిరువదిపుటలు వ్రాసెడి కరణము. ఊరిలోని ప్రతి చెట్టును, ప్రతి సెంటు పుంతను అడంగలులో నెక్కించినవారు. ఆ సంపెంగచెట్టుకూడ పెరటిచెట్లలెక్కలో ఒకటిగా నున్నది. దానిక్రింద జరిగినది మాత్రము ఒక్క పంక్తియు లేదు. ఆమె 1981లో పోయినది. నాకప్పటికి పదునొకండేండ్లు. సంపెంగనూనెకు గింజలకు ఎన్నిపాళ్లు పూలో ఆ యింట అడిగినవారు లేరు. అది ఆమెతో పోయినది. జాజాకు మలామును మా అమ్మగారు ప్రక్కన నిలిచి చేసియుండుటచే, ‘పిడికెడు’, ‘చిటికెడు’, ‘గిద్దె’ అను లెక్కలతో అది బ్రదికినది. మా అమ్మగారి పిడికెడాకును త్రాసుననుంచి తూచి, గిద్దెను మిల్లీలీటర్లలోనికి దింపి నేను వ్రాసికొన్నది క్రింద నిచ్చుచున్నాను. తూచిచూడగా పెద్దమామ్మ పాళ్లు శార్ఙ్గధరుని పాళ్లకు మిక్కిలి దగ్గఱగా నున్నవి. ఆమెకు అక్షరములు రావు.

బజారు సీసాలు ఈ విద్యను పల్లెలనుండి తఱిమినవని యందురు. అది సగము నిజము. అమెరికాలో రాబర్టు చీజ్‌బ్రో 1872లో పేటెంటు పొందిన వాజలైను రాతినూనెనుండి తీసినది గావున ముక్కిపోదు. ఆ సౌకర్యమును కాదనలేము. పైగా బజారున కెక్కిన లేపనములలో నొకదానికి మనము, అందును గ్రంథాలయములవారము, ఋణపడియున్నాము. కృష్ణామండలమున ఎలకుఱ్ఱులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. అది పూలనూనె గాదు. కర్పూరపుజాతి ఘాటుద్రవ్యములు చేర్చిన నొప్పులలేపనము. ఆ లేపనము తెచ్చిన ధనముతో వారు 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని నెలకొల్పిరి, ఆంధ్రగ్రంథమాలను నడిపి చౌకగా పుస్తకము లందించిరి, గ్రంథాలయోద్యమమునకు అండయైరి. తలనొప్పికి వ్రాసికొన్న లేపనము తెలుగువాని తలలోనికి చదువై దిగినది.

సీసాల వలని కీడును లేకపోలేదు. 1998లో ఢిల్లీనగరమున ఆవనూనెలో బ్రహ్మదండిగింజల నూనె కలిసి, నీరుపట్టు వ్యాధితో 60 మందికి పైగా మరణించిరి. ఆ విషము తినినను కీడే, ఒంటికి మర్దించినను కీడే. మందునకు వాడు నూనె ఎదుట ఆడించినదైన మేలు.

ఇక కొలతలు. తలనూనెకు: నువ్వులనూనె 250 గ్రాములు, తొడిమెలు తీసిన ఎఱ్ఱమందారపురేకులు నూరిన ముద్ద 30 గ్రాములు, గుంటగలగరాకును నీటితో నూరి పిండిన రసము ఒక లీటరు. అడుగు మందముగల పాత్రలో సన్నని సెగపై కలియబెట్టుచు కాచి, ముద్ద వత్తియై చప్పుడు చేయక మండినప్పుడు దింపి, వేడిగా నుండగనే పలుచని గుడ్డతో వడియగట్టవలెను. పరీక్షకు ముద్దను మాత్రమే తీసి దూరముగా వెలిగింపవలెను. పాత్ర దగ్గఱకు మంటను తేరాదు.

జాజాకు మలామునకు: నువ్వులనూనె 100 గ్రాములు, జాజాకుముద్ద 25 గ్రాములు, పసుపు ఒక చిటికెడు, నీరు 400 మిల్లీలీటర్లు, పై విధముగనే కాచి వడియగట్టవలెను. తేనెమైనము 20 గ్రాములు వేఱుగిన్నెలో వేసి, ఆ గిన్నెను మరగునీటిలో నుంచి కరగించి నూనెలో కలిపి చల్లార్పవలెను. మైనము 62 డిగ్రీల ప్రాంతమున కరగును, దానికి నేరుమంట పనికిరాదు. ఎండకాలమున మైనము 25 గ్రాములు వేయుదురు. ఇది మడమల పగుళ్లకు, బీటలువాఱిన చేతులకు. చీముపట్టిన పుండునకును, మధుమేహము గలవారి కాలిపుండునకును దీనిని నమ్మి కూర్చుండరాదు, వైద్యునికి చూపవలెను. కాలినచోట వెంటనే నూనె పూయుట మన పల్లెలలో పాతయలవాటు. పెద్దమామ్మయు అట్లే చేసెడిది. అది సరికాదని నేటివైద్యము స్పష్టముగా చెప్పుచున్నది. ఇరువది నిమిషములు చల్లనినీటిధారక్రింద నుంచుటయే మొదటిపని.

పచ్చగన్నేరు, ఎఱ్ఱగన్నేరు, ఉమ్మెత్త విషపుమొక్కలు. చూచుటకు ముచ్చటగా నున్నను ఇంటినూనెలో వేయరాదు. ఏ నూనెనైనను మొదట మోచేతిలోపలి చర్మమున చుక్కంత వ్రాసి, ఒకదినము చూచి, దురద గాని దద్దురు గాని లేనిచో వాడవలెను. సీసాను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, నూనె చల్లారినపిమ్మటనే మూతవేయవలెను. తడిచేతితో ముట్టరాదు. చేసిన తేదియు, వేసిన వస్తువులును, వాని తూకమును చీటిపై వ్రాసి సీసాకు అంటింపవలెను. అట్టి చీటినే మఱియొకటి వ్రాసి గ్రంథాలయమున నిచ్చినచో కవిలెలో కుట్టియుంచుటకు నేను సిద్ధముగా నున్నాను.